నాయనమ్మ కళ్ళతో చూడాల్సిన పేరు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని తెలుసు. తల నెరవాలి, పళ్ళు కదలాలి, చుట్టూ మనవలు చేరాలి. నాకున్నది ఇంకా నడక రాని కొడుకు ఒక్కడే. వాడికి నా కథలకన్నా నా మెడలో గొలుసు మీద ఆసక్తి ఎక్కువ. అయినా పెళ్ళయి, ఇల్లు మారి, పాలసీసాలు కడగడంలో పడ్డాక మొన్న మొన్నటి సంగతి కూడా ఆ రోజుల్లోకి జారిపోతుందని అనుభవం మీద తెలిసింది. అందుకని ధైర్యం చేసి అంటున్నాను: ఆ రోజుల్లో మా ఆడవాళ్ళకు సినిమాలో రెండే చోట్లుండేవి. ఒకటి తెర మీద, రెండోది పర్దా వెనక. మూడో చోటు ఒకటుంటుందని, అక్కడ నిలబడి ‘నువ్విలా నడు, నువ్విలా చూడు’ అని అందరికీ చెప్పే మనిషి ఒకరుంటారని, ఆ మనిషి చీర కట్టుకుని కూడా ఉండవచ్చునని మొఘల్‌పురాలో మా సందు సందంతటికీ ఎవరికీ తోచలేదు.

నాకు తోచడానికి కారణం ఒక వారపత్రిక. అప్పుడు నేను ఇంటర్మీడియట్ పాసై ఇంట్లో కూర్చుని ఉన్నాను. బి.ఏ.లో చేరాలని నా ఆశ. బాపును అడిగితే ‘అమ్మనడుగు’ అన్నాడు. అమ్మ అంటే మా అమ్మ కాదు, బాపును కన్న అమ్మ, మా నాయనమ్మ. మా తాత గుడిలో అర్చన చేసి ఊరిలో దేవుణ్ణి ఏలితే, ఇంట్లో మమ్మల్ని ఏలింది నాయనమ్మ. తాత పోయాక దేవుడి సంగతి ఏమైందో గాని, ఇంటి ఏలుబడిలో మాత్రం మార్పు రాలేదు. ‘ఇంటరు చదివినవ్, ఇంక ఏం చదువుతవ్? చదివి ఏం జేస్తవ్? మగోళ్ళు చేసే పని ఆడోళ్ళు చేసినట్టు ఎక్కడన్న ఉన్నదా? కుట్టుమిషన్ నేర్సుకో’ అనేది ఆమె తీర్పు. కాలేజీలో చేరే గడువేమో దగ్గర పడుతోంది. అట్లాంటి సమయంలో పత్రికలో కనిపించింది, మద్రాసులో ఒకావిడ స్వయంగా ఒక తెలుగు సినిమా డైరెక్టు చేసిందని. నేను ఆ పత్రికను యుద్ధంలో దొరికిన కత్తిలా పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను.

“డైరెక్టరంటే ఏం జేస్తడే?” అంది నాయనమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ.

“అందరికీ చెప్తడు నాయనమ్మా. నువ్విక్కడ నిలబడు, నువ్వు గిట్ల ఏడువు, నువ్వు గట్ల నవ్వు అని.”

“గంతేనా? గది నేను రోజూ ఇంట్ల చేస్తనే ఉన్న గద!”

సగం గెలిచేశాననుకున్నాను. కాని వసారాలో బాపు తమ్ముడు, మా చిన్నబాపు ఉన్నాడు. ఆయన దఫ్తరులో పెద్ద ఉద్యోగమేమీ కాదు గాని, ప్రపంచం గురించి ఆయనకు తెలియనిది ఉండేది కాదు. “అంతా ఝూట్ అమ్మా,” అన్నాడు అక్కడినుంచే. “వెనకాల మొగుడో అన్నో నిలబడి చెప్తుంటడు, ముంగట ఈమె పేరు ఏసుకుంటది. సినిమా తీసుడంటే పచ్చడి నూరుడా?”

“పచ్చడి నూరుడు నీకొస్తదా?” అంది నాయనమ్మ. (ఆమె ఎవరి పక్షమో చివరిదాకా తెలిసేది కాదు. అదే ఆమె బలం.) “పేరు ఏస్తరంటున్నవ్. ఎక్కడ ఏస్తరు?”

“సినిమా సురువుల తెర మీద ఒక్కొక్కల పేర్లు పెద్ద పెద్ద అచ్చరాలతోని వస్తయి. అందరికన్న ఆఖరుకు డైరెక్టర్ పేరు.”

నాయనమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర రామాయణం కోసం అక్షరాలు నేర్చుకుంది గనుక పెద్ద అచ్చులో ఉంటే చదవగలదు. “సరే. ఆ సినిమా వస్తె నేనే పోయి నా కండ్లతోని చూస్త. ఆఖర్న ఆడిదాని పేరు కనవడితె పిల్ల బీయే చదువుతది. కనవడకుంటె కుట్టుమిషన్. లొల్లి ఖతం.”

ఇక్కడొక సంగతి చెప్పాలి. నేను అప్పటికే నాలుగైదు సినిమాలు చూసినదాన్ని, అయినా మొదట్లో పేర్లు వస్తాయన్న మాట నాకు కొత్త. సినిమా అంటే కథతోనే మొదలవుతుందని నా నమ్మకం. ఆ పేర్లు వచ్చే సమయంలో నేనేదో పరధ్యానంగా ఉండి ఉంటానని సరిపెట్టుకున్నాను. ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో పాసైన తెలివి అది.

గడువు దాటకముందే సినిమా వచ్చింది. పత్తర్‌గట్టి అవతల ఒక టాకీసులో ఆదివారాలు ఉదయం ఆటకు తెలుగు సినిమాలు వేసేవారు. నాయనమ్మ జీవితంలో అదే మొదటి సినిమా. తెల్లారకముందే స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, చెంబుతో తాగే నీళ్ళు తీసుకుని బయల్దేరింది (టాకీసు నీళ్ళు ఎవరు ముట్టారో ఏమో). మాకు దారి చూపడానికి పక్కింటి ఖాలా వచ్చింది. ఖాలాకు తెలుగు సినిమా కథ సగం అర్థమవుతుంది, మిగతా సగం తనే కల్పించుకుంటుంది. ఆమె చెప్పే కథలు అసలు సినిమాలకన్నా బాగుంటాయని మా సందులో పేరు. అమ్మ రాలేదు. అందరూ వెళ్తే మధ్యాహ్నానికి అన్నం ఎవరు వండుతారు? చిన్నబాపు మాత్రం ‘సాక్షిగా’ వస్తానని ముందే వెళ్ళి, కింద మగవాళ్ళ బెంచీల్లో కూర్చున్నాడు.

మాది మేడమీద జనానా, ఆడవాళ్ళు కూర్చునే చోటు. దానికి వేరే మెట్లు, వేరే గుమ్మం. ఆ చివరినుంచి ఈ చివరికి ఒక తీగ, తీగకు రింగులు, రింగులకు ముదురు ఎరుపు పర్దా. లోపల పిల్లల ఏడుపులు, టిఫినుల వాసన, పాన్ వాసన, ‘జర జరుగు బీబీ, జర జరుగు.’ ఖాలా తన రుమాలు, నా పత్రిక రెండు సీట్ల మీదకు విసిరి, మూడో దాని మీద నాయనమ్మను చెంబుతో సహా కూర్చోబెట్టి ముందు వరుస పట్టేసింది. పర్దాకు దగ్గరగా స్టూలు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. తాడు లాగి పర్దా తీయడం, ఇంటర్వెల్‌లో మళ్ళీ మూయడం ఆమె కొలువు. అందరూ పర్దాబీ అనేవారు.

“ఖాలా, పేర్లు వచ్చినప్పుడు చెప్పు. నాయనమ్మ చదవాలె,” అన్నాను.

“పేర్లా? ఏం పేర్లు బేటీ?” అంది ఖాలా. “నేను మస్తు సినిమాలు చూసిన, పేర్లు ఒక్కపారి చూళ్ళే. పర్దాబీ పర్దా తీసేటప్పటికి హీరోయిన్ పుట్టి పెద్దది అయి ఉంటది!”

అప్పుడు అర్థమైంది నాకు. దీపాలు ఆరుతాయి, సినిమా మొదలవుతుంది. హాలంతా బాగా చీకటైందని పర్దాబీకి నమ్మకం కుదిరాక గాని తాడు కదలదు. ఆలోగా పేర్లన్నీ మగవాళ్ళ కోసం వచ్చి వెళ్ళిపోతాయి. జనానాలో కూర్చున్న మాకు ప్రతి సినిమా కథతోనే మొదలయ్యేది. పరధ్యానం నాది కాదు, ఆ ఎర్ర గుడ్డది! నాకు ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి పర్దాబీ స్టూలు పక్కన కూర్చుని బతిమాలాను.

“అమ్మా, ఈ ఒక్కరోజు పర్దా జల్ది తియ్యి. నా చదువు నీ చేతుల ఉన్నది.”

“నా చేతుల తాడున్నది,” అంది ఆమె పాన్ నములుతూ. “బత్తీ బుఝానా, మంచిగ చీకటి గావాలె, అప్పుడు పర్దా. నా పర్దా ఎనక ఇంతదంక ఒక్క ఆడమనిషి మొగం గూడ బయట పడలే బేటీ. ఇజ్జత్ కా కామ్ హై, పరువు పని.”

“ఏమైతది అవ్వా, ఒక్కపారి జల్ది తియ్యరాదు,” అని వెనక వరుసలో ఒకామె నా తరఫున అంది. “అయ్యో నక్కో, నక్కో!” అని ఒక కొత్త పెళ్ళికూతురు అరిచింది. “మా మామ కింద కూసున్నడు. నేను మా అమ్మగారింటికి పోతున్నని చెప్పి వచ్చిన!” దానితో జనానా రెండు పార్టీలైంది. పేర్లు చూడాలనేవాళ్ళు కొందరు, పరువు కావాలనేవాళ్ళు కొందరు. నాయనమ్మ ఏ పార్టీలోనూ చేరకుండా, చెంబు ఒళ్ళో పెట్టుకుని పర్దా వైపే చూస్తూ కూర్చుంది. దేవుడి తలుపులు తెరిచేదాకా గుళ్ళో కూర్చునే తీరు అది. బహుశా సినిమా అంటే ఆ పర్దాయేనని అనుకుంటోందేమోనని నాకు అనుమానం వచ్చింది.

దీపాలు ఆరాయి, నేను నా చోటికి వచ్చి కూర్చున్నాను. పర్దా అవతల వాద్యాలు మోగాయి. గుడ్డ అంచుల చుట్టూ వెలుగు మినుకు మినుకుమంది. పర్దాబీ కదలలేదు.

“ఏందే, పేర్లు వస్తున్నయా?” అంది నాయనమ్మ.

“వస్తున్నయి నాయనమ్మా,” అన్నాను ఏడుపు గొంతుతో.

“వస్తుంటె గిట్ల కూసుంటవేంది?” అంటూ చెంబు నా ఒళ్ళో పెట్టి లేచింది. వంగి, పర్దా కింది అంచు రెండు చేతులా పట్టుకుని, మా ఇంట్లో మంచం కిందికి దూరిన పిల్లి కోసం దుప్పటి ఎత్తినట్టు పైకి ఒక్క ఎత్తు ఎత్తింది. పైన ఎక్కడో టంగుమని తీగ కొక్కెం ఊడింది. రింగులన్నీ గలగలా జారాయి. ఆ ఎర్ర పర్దా మొత్తం, నైజాం కాలంనాటి దుమ్ముతో సహా, ముందు రెండు వరుసల మీద పడింది.

లోపల మేం తుమ్ముతున్నాం. ఖాలా ‘యా అల్లా’ అంటోంది. పర్దాబీ ‘నా పర్దా, నా పర్దా’ అంటోంది. పెళ్ళికూతురు ‘మామా చూడకు’ అని అరిచి, తానక్కడున్నట్టు మామకు తనే చెప్పినంత పని చేసింది. నాయనమ్మ చెంబు ఒలికి నా ఒడి తడిసింది. నేను గుడ్డ అంచు కోసం వెతుకుతుంటే అది అంతులేని అట్టులాగా మడతలు మడతలుగా వస్తూనే ఉంది. చివరికి తల బయట పెట్టి చూద్దును గదా, తెర మీద ఎడ్లబండి ఒకటి నింపాదిగా పోతోంది. కథ మొదలైపోయింది. కిందనున్న మగవాళ్ళంతా తెరకు వీపు పెట్టి, మెడలు తిప్పి మా వైపు నోళ్ళు తెరుచుకు చూస్తున్నారు. ఆ మెడల్లో మా చిన్నబాపుది కూడా ఒకటి. అంతమంది ఉన్న హాలులో, అంత పెద్ద అక్షరాలతో వచ్చిన ఆ ఆడమనిషి పేరును, మాకు తెలిసిన ఒక్క ప్రాణి కూడా చూడలేదు.

“ఆఖరుది చూసినవా నాయనమ్మా?” అన్నాను చివరి ఆశతో.

“దుమ్ము చూసిన,” అంది కళ్ళు నులుముకుంటూ.

(రాయడం ఇక్కడ ఆపి, లేచి వెళ్ళి మావాడి నుదురు చేత్తో చూసి వచ్చాను. వేడి లేదు. పొద్దున కూడా లేదు. ఊరికే చూశాను.)

ఆ తర్వాత మొదటి సగం ఎలా గడిచిందో నాకు సరిగా తెలియదు. కళ్ళ ముందు కుట్టుమిషన్ చక్రం తిరుగుతోంది. ఇంటర్వెల్‌లో దీపాలు వేసే ముందు పర్దాబీ వచ్చి, ‘ఎవరు పడగొట్టిండ్రో గాళ్ళే పట్టుకోవాలె’ అని ఆజ్ఞ ఇచ్చింది. అది న్యాయమేనని నాయనమ్మ ఒప్పుకుంది. ఒక కొసన పర్దాబీ, ఒక కొసన నాయనమ్మ, నడుమ ఖాలా, నేను, ఇంకో ఇద్దరు బెంచీలెక్కి ఆ పర్దాను చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డాం. ఇంటర్వెల్ అయ్యేదాకా పట్టుచీరలో మా నాయనమ్మ పర్దా గుంజలా చెక్కుచెదరలేదు. “సినిమా అంటె మస్తు పనున్నది బీబీ,” అంది ఖాలాతో. “కూసోని చూసుడనుకున్న.”

ఇక రెండో సగంలో అసలు దెబ్బ తగిలింది. భర్త అపార్థం చేసుకుని ఇల్లు విడిచి పోతాడు. కథానాయిక కిటికీ దగ్గర కూర్చుని శోకగీతం అందుకుంటుంది. జనానాలో ముక్కుల చప్పుడు మొదలైంది, నేను కూడా నా బాధ కలిపి ఏడవడానికి సిద్ధమయ్యాను. సరిగ్గా గొంతు పైకెత్తి పాడే చోట ఆమె ఠక్కున ఆగింది. వాసన పట్టినట్టు తల తిప్పింది. లేచి వంటింట్లోకి పరుగెత్తి, పొంగుతున్న పాలగిన్నెను కొంగుతో పట్టుకుని దించింది. వేలు కాలితే నోట్లో పెట్టుకుంది. పొయ్యి గట్టు మీద ఒలికిన పాలు తుడిచింది. తిరిగి వచ్చి, కిటికీ దగ్గర అదే చోట కూర్చుని, అదే మాట దగ్గర మళ్ళీ ఏడుపు అందుకుంది.

కింద మగవాళ్ళంతా గొల్లుమన్నారు. ఈలలు వేశారు. ‘ఏడ్పు బంద్, పాలు షురూ!’ అని ఎవడో అరిచాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నేను చదివిన నవలల్లో శోకానికి ఒక మర్యాద ఉండేది. ఏ నాయికా ఏడుపు మధ్యలో గిన్నె దించలేదు. ఇంత కష్టపడి ఒక ఆడమనిషి సినిమా తీసి, సరిగ్గా ఏడవాల్సిన చోట పాలు పొంగించి అంతా పాడుచేసిందే అని ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నాయనమ్మ వైపు చూడటానికి భయపడి తల దించుకున్నాను. జనానాలో ఎవరూ నవ్వడం లేదని అప్పుడు నేను గమనించనే లేదు.

 ఇంటికి రాగానే నాయనమ్మ నేరుగా స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు ఎంతకూ ఆగదు. బయట నేను, బాపు, చిన్నబాపు తీర్పు కోసం కోర్టు వరండాలో నిలబడ్డట్టు నిలబడ్డాం. తడిజుట్టు ముడివేసుకుంటూ ఆమె బయటికి రాగానే చిన్నబాపు అందుకున్నాడు.

“పేరు చూసినవా అమ్మా?”

“చూళ్ళే.”

“మరింకేంది! రేపే కుట్టుమిషన్ మాట్లాడుత.”

“పిల్లను బీయేల చేర్పియ్యిండ్రి,” అంది నాయనమ్మ బాపుతో.

బాపు నోరు తెరిచాడు. నేను తెరిచిన నోరు ఇంకా పెద్దది. చిన్నబాపు అయితే అడ్డం వచ్చాడు. “పేరు చూడకుండనే? గది ఆడామె తీసిందని ఎట్ల ఎర్కయింది నీకు?”

“పాలు పొంగినయి గద, చూళ్ళేదా నువ్వు?”

“చూసిన. అందరం నవ్వినం. పాలు పొంగినందుకు బీయే చదువా?”

“నవ్వుతరు, నవ్వకేం జేస్తరు? మగోడు తీసుంటె ఆ పిల్ల గట్లనే ఏడ్చుకుంట కూసుంటుండె. పాలు పొంగి పొయ్యి ఆరి, ఇల్లంత మాడు కంపు కొట్టినా దానికి సోయి ఉండకపోతుండె. ఏడ్పు ఆపి, పాలు దించి, తుడిసి, మళ్ళ వచ్చి ఏడ్సుడు మగోని బుర్రకు తడుతదారా?” నాయనమ్మ జుట్టు ముడి బిగించింది. గొంతు కొంచెం తగ్గింది. “మీ నాయన పోయిన దినం నేను ముందుగాల పొయ్యిల కట్టెలు గుంజి, నీళ్ళు చల్లి, అప్పుడు వచ్చి ఏడ్చిన. నువ్వు చూసినవా? చూళ్ళే. ఎవ్వరు చూళ్ళే. గామె చూసింది.”

 వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి వింటున్న అమ్మ గిరుక్కున లోపలికి తిరిగింది. ఏడుస్తోందేమో అనుకుని వెనకే వెళ్ళాను. ఏడుస్తోందో నవ్వుతోందో పోల్చుకోలేకపోయాను, కాని చేత్తో పప్పు మాత్రం కలుపుతూనే ఉంది. “ఎట్ల దించిందే గిన్నె? కొంగుతోనా?” అని అడిగింది. చెప్పాను. “అంతే, కొంగుతోనే,” అంది తృప్తిగా.

నేను బి.ఏ.లో చేరాను, పాసయ్యాను కూడా. (చిన్నబాపు మాత్రం నా చదువు పాల చదువని, నీళ్ళు కలవకుండా చూసుకోమని చాలా రోజులు ఏడిపించాడు.) ఆ సినిమా మళ్ళీ మా వైపు రాలేదు. తెర మీద ఆ పేరు ఎలా ఉండేదో, ఎంత పెద్ద అక్షరాలో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పట్లో అదో పెద్ద లోటుగా ఉండేది.

మొన్న మావాడికి మొదటిసారి జ్వరం వచ్చింది. డాక్టరుగారు చూసి, ఏం పరవాలేదమ్మా, పళ్ళు వస్తున్నాయి అని చెప్పి వెళ్ళారు. పరవాలేదన్న మాట వినగానే అంతవరకు బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వచ్చి, వాణ్ణి ఉయ్యాలలో వేసి గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. బాగా ఏడుస్తూ ఉండగా వాకిట్లో చినుకులు మొదలయ్యాయి. తీగ మీద వాడి పొత్తిగుడ్డలన్నీ ఆరేసి ఉన్నాయి. పరుగెత్తి అన్నీ తీసి, తడి తగిలినవి వేరు, ఆరినవి వేరు చేసి, ఆరినవి మడతపెట్టి, తిరిగి వచ్చి అదే గోడకు ఆనుకుని కూర్చున్నాను. మళ్ళీ మొదలుపెడదామంటే, ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వాను. జనానాలో తల దించుకుని, ఏడుపు మధ్యలో ఈ పాలేమిటని ఆవిడ మీద మండిపడ్డ ఆ ఇంటర్మీడియట్ పిల్ల నా కళ్ళ ముందు మెదిలింది. పాపం, ఫస్టు క్లాసు. దానికప్పుడు తీరుబడిగా ఏడవడానికి ఎంత సమయం ఉండేదో!